చచ్చే కోతి చెప్పేది, బతికున్న కోతి చెప్పనిది

కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా, సొరబ తాలూకా. ఒకవైపు పోకతోటలు, వరిమళ్లు. వాటిని ఆనుకునే అడవి. 1956-57 ప్రాంతంలో అక్కడి ఊళ్లవాళ్లు రెండు సంగతులు గమనించారు. అడవిలో కోతులు, కొండముచ్చులు వరసగా చచ్చిపడి ఉంటున్నాయి. అదే అడవికి కట్టెలకూ ఆకుకూ వెళ్లొచ్చిన మనుషులు ఉన్నట్టుండి జ్వరంతో మంచాన పడుతున్నారు. తల పగిలిపోయేంత నొప్పి, ఒళ్లంతా విరగ్గొట్టినట్టు సలుపు, మూడు నాలుగు రోజులకు వాంతులు, కొందరికి ముక్కు నుంచీ చిగుళ్ల నుంచీ రక్తం. మొదట టైఫాయిడ్ లాంటిదేదో అనుకున్నారు. ఊళ్లవాళ్లు మాత్రం తమకు తోచిన పేరు పెట్టుకున్నారు: మంగన కాయిలె. కన్నడంలో కోతి జబ్బు అని అర్థం.

ఆ పేరులో సగం నిజం ఉంది. మిగతా సగం ఏమిటో పట్టుకోకపోతే, అడవి కోతుల నుంచి మనుషులకు వైరస్‌లు ఎలా వస్తాయన్న ప్రశ్నకు జవాబు తలకిందులవుతుంది. తలకిందులైన ప్రతిసారీ కోతుల ప్రాణాలూ పోయాయి, మనుషుల ప్రాణాలూ పోయాయి.

1957లో పుణెలోని వైరస్ పరిశోధన కేంద్రం నుంచి శాస్త్రజ్ఞులు సొరబ దగ్గరి క్యాసనూరు అడవికి వచ్చారు. ఆ కేంద్రమే నేటి జాతీయ వైరాలజీ సంస్థ. వాళ్లను అంత వేగిరపెట్టింది ఎల్లో ఫీవర్ భయం. దక్షిణ అమెరికాలో అడవి కోతులు చావడం మొదలైతే వెనకాలే మనుషుల్లో ఎల్లో ఫీవర్ వస్తుందని అప్పటికే తెలుసు. భారతదేశంలో ఆ జబ్బు ఎన్నడూ లేదు. కాబట్టి ఎవరి ఒంట్లోనూ దాన్ని తట్టుకునే శక్తి లేదు; దాన్ని మోసే ఈడిస్ దోమ మాత్రం ఊరూరా ఉంది. అదృష్టవశాత్తూ, చచ్చిన కోతుల్లోనూ రోగుల రక్తంలోనూ దొరికింది వేరే వైరస్. ఎల్లో ఫీవర్ కుటుంబానిదే అయినా దోమలతో కాక పిడుదులతో తిరిగేది. రష్యా అడవుల్లో మెదడువాపు తెచ్చే వైరస్‌కు దగ్గరి చుట్టం. దొరికిన అడవి పేరే దానికీ పెట్టారు. రష్యా చుట్టం మలెనాడుకు, అంటే శివమొగ్గ ఉన్న కొండ అడవుల సీమకు, ఎలా వచ్చిందన్న అనుమానం కొన్నాళ్లు వలస పక్షుల మీదికి పోయింది. సలీం అలీ నాయకత్వంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగి వాటి రాకపోకలు నమోదు చేసే పని పెద్దఎత్తున చేపట్టడానికి ఈ అనుమానం కూడా ఒక కారణం.

ఈ వైరస్ నడిచే దారి కనిపించాలంటే చూపు చెట్ల మీద నుంచి నేల మీదికి దించాలి. మన పశువుల చెవుల్లో, గంగడోలు కింద రక్తం తాగి ఉబ్బి కనిపించే పిడుదులకు అడవిలో ఒక చుట్టం ఉంది. శాస్త్రజ్ఞులు దాన్ని హీమాఫిసాలిస్ స్పైనిజెరా అంటారు. గుడ్డు పగిలాక దాని బతుకులో మూడు దశలు. ఒక్కో దశలో ఒక్కసారి కడుపునిండా రక్తం తాగుతుంది, రాలిపడుతుంది, తర్వాతి రూపంలోకి మారుతుంది. వానలు వెనకబట్టే కాలంలో కనిపించే ఆరుకాళ్ల లార్వాలు ఎలుకల మీద, చుంచుల మీద, నేల మీద తిరిగే పక్షుల మీద, కోతుల మీద ఎక్కుతాయి. తాగిన రక్తంలో వైరస్ ఉందా, రూపం మారినా అది పిడుదు ఒంట్లో అలాగే ఉండిపోతుంది. ఇక డిసెంబరు నుంచి మే దాకా ఎండుటాకుల మధ్య కాచుకుని ఉండేది రెండో దశ పిల్ల పిడుదు. గసగసాల గింజంత ఉంటుంది. మనిషిని ఎక్కువగా కరిచేది అదే. ముదిరిన పిడుదులు పశువులను పట్టుకుంటాయి. పశువులకు ఈ జబ్బు రాదు గానీ, అడవిలో మేసి వచ్చే ఆవు వాటిని ఊరి అంచుదాకా మోసుకొచ్చి రాలుస్తుంది. అక్కడ అవి వేల గుడ్లు పెడతాయి.

మలెనాడు రైతు అడవి నుంచి ఎండుటాకు తెచ్చి పశువుల కొట్టంలో పరుస్తాడు, పోకచెట్ల మొదళ్లకు వేస్తాడు. ఆ ఆకు ఊడ్చేది చలికాలం దాటుతుండగానే, అంటే సరిగ్గా పిల్ల పిడుదులు కాచుకుని ఉన్న నెలల్లో. తట్టనిండా ఆకు కుక్కి నెత్తిన పెట్టుకుని నడిచే మనిషి మెడ మీదికి, రవిక మడతల్లోకి ఆ గసగసాల గింజలు పాకుతాయి. కరిచినట్టు కూడా తెలియదు. మూడు నుంచి ఎనిమిది రోజుల్లో జ్వరం అందుకుంటుంది. పట్టుకున్నవాళ్లలో నూటికి ముగ్గురు నుంచి ఐదుగురి దాకా చనిపోతారు.

కోతికి జరిగేదీ ఇదే. పిడుదు కరుస్తుంది, రక్తంలో వైరస్ విపరీతంగా పెరుగుతుంది, కొద్ది రోజుల్లో చస్తుంది. చచ్చిన ఒళ్లు చల్లబడగానే దాని మీద అంటుకుని ఉన్న పిడుదులన్నీ దిగి చుట్టూ నేల మీద చేరతాయి. అలా ఆ చోటు కొన్నాళ్లపాటు నివురుగప్పిన నిప్పులా ఉంటుంది. అందుకే కోతి చచ్చిన చోట పిడుదుల మందు చల్లి, అటువైపు ఎవరినీ పోనివ్వరు. గమనించాల్సింది ఏమిటంటే, ఈ మొత్తం కథలో కోతి మనిషిని కరవలేదు, మనిషి కోతిని తాకలేదు. ఇద్దరినీ ఒకే అడవిలో ఒకే పిడుదు జాతి కరిచింది. జబ్బుపడ్డ మనిషి నుంచి ఇంకొక మనిషికి కూడా ఇది అంటదు.

ఇంతకీ కోతి ఎందుకు చచ్చింది? వైరస్ ఒక జంతుజాతిలో వేల ఏళ్లు, లక్షల ఏళ్లు గడిపితే చాలాసార్లు వాటి మధ్య ఒక సర్దుబాటు కుదురుతుంది. వైరస్‌కు జాలి కలగడం వల్ల కాదు. తట్టుకోలేనివి తరతరాలుగా చచ్చిపోగా, తట్టుకోగలిగినవాటి సంతానమే మిగలడం వల్ల. అలాంటి జంతువు ఒంట్లో వైరస్ ఉంటుంది, జబ్బు ఉండదు. దీనికి మినహాయింపులు ఉన్నాయి కాబట్టి రాతిమీద గీత అనుకోకూడదు గానీ, అడవిలోకి తీసుకుపోదగ్గ కొలబద్ద మాత్రం ఇదే. కుప్పలుగా చస్తున్న కోతి ఆ వైరస్‌కు పుట్టిల్లు కాదు. మనలాగే దానికి కొత్తగా చిక్కిన ప్రాణి. క్యాసనూరు వైరస్‌ను ఏళ్ల తరబడి నిలబెట్టేది చిన్నచిన్న అడవి జంతువులు, వాటిమీద బతికే పిడుదులు. కోతి దాన్ని ఒక్కసారిగా పెంచి, చచ్చి, మనకు కనబడేలా చేస్తుంది.

ఎల్లో ఫీవర్ దీన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. ఆ వైరస్ పుట్టింది ఆఫ్రికాలో. అక్కడి కోతులకు సోకుతుంది, చాలావరకు జబ్బు చేయకుండానే పోతుంది. బానిసలను తరలించిన ఓడల్లో, నీటి పీపాల్లో పెరిగిన దోమలతో పాటు అది అమెరికా ఖండాలకు చేరింది. అక్కడి కోతులు దాన్ని ఎన్నడూ ఎరగవు. అందులోనూ హౌలర్ కోతులు అసలు తట్టుకోలేవు. వీటి అరుపు కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. అవి అరవడం మానేశాయంటే అడవిలో ఏదో జరిగిందని అక్కడి పల్లెల్లో పాతకాలం నుంచీ పోల్చుకునేవాళ్లు.

2016 చివరి నుంచి 2018 దాకా బ్రెజిల్ ఆగ్నేయ రాష్ట్రాల్లో ఎల్లో ఫీవర్ చెలరేగింది. మినాస్ జెరైస్, ఎస్పిరిటో శాంటో, రియో డి జనీరో, సావో పాలో రాష్ట్రాల్లో 2,000 మందికి పైగా జబ్బుపడ్డారు, 700 మందికి పైగా చనిపోయారు. మనుషులకంటే ముందు హౌలర్లు వేలల్లో రాలిపోయాయి. వాటి చావును సరిగా చదివిన చోట మేలు జరిగింది. 2017 అక్టోబరులో సావో పాలో నగరం ఉత్తర భాగంలోని హోర్టో ఫ్లోరెస్టల్ ఉద్యానవనంలో చచ్చిపడిన ఒక హౌలర్‌లో వైరస్ ఉందని తేలగానే ఉద్యానవనాన్ని మూసేసి, చుట్టుపక్కల పేటల్లో టీకాలు మొదలుపెట్టారు. వేరే చోట్ల జనం కోతులే జబ్బు తెస్తున్నాయని కర్రలతో కొట్టారు, రాళ్లు రువ్వారు, విషం పెట్టారు. నిజానికి ఆ అడవుల్లో వైరస్‌ను మోసేది చెట్ల కొమ్మల్లో బతికే హీమగోగస్ దోమ. కోతులు లేకపోతే ఆ దోమ మనుషులను వెతుక్కుంటుంది. పైగా ముందుగా చెప్పే గొంతు కూడా పోతుంది. ఇల్లు కాలుతోందని మొరిగిన కుక్కను రాయి పెట్టి కొట్టడం లాంటిదే ఇది.

ఎబోలా విషయంలోనూ అంతే. 1996లో గాబన్‌లోని మయిబూ అనే పల్లె పిల్లలు అడవిలో చచ్చిపడి ఉన్న చింపాంజీని తెచ్చారు. దాన్ని కోసి, వండిన వాళ్లకు మొదట, వాళ్ల నుంచి మిగతావాళ్లకు ఎబోలా అంటింది. 31 మందికి సోకితే 21 మంది చనిపోయారు. తర్వాత కొన్నేళ్లకే, 2002-03లో, పొరుగున ఉన్న కాంగోలోని లొస్సి ప్రాంతంలో వేల గొరిల్లాలు అదే వైరస్‌కు బలైపోయాయని పరిశోధకులు అంచనా వేశారు. ఈ జబ్బుకు వాటిని నేరస్తులుగా చూడటం అన్యాయం. ఇక మంకీపాక్స్‌ది మరీ చిత్రమైన అన్యాయం. 1958లో కోపెన్‌హాగన్‌లో ప్రయోగశాల కోతుల్లో మొదట కనబడినందుకు వాటి పేరు అంటుకుంది. అడవిలో దాన్ని మోసేవి ప్రధానంగా ఉడతలు, ఎలుకల జాతులని ఆధారాలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పేరును ఎంపాక్స్‌గా మార్చింది 2022లో.

ఇంతవరకూ చూసింది చచ్చే కోతి సంగతి. మనిషి చరిత్రను ఎక్కువగా మార్చింది మాత్రం చావని కోతి.

పశ్చిమ ఆఫ్రికాలో సూటీ మాంగబే అనే బూడిదరంగు కోతి ఉంది. దాని ఒంట్లో ఎస్ఐవి అనే వైరస్, మనిషికి ఎయిడ్స్ తెచ్చే హెచ్ఐవికి చుట్టం, బతుకంతా తిరుగుతూనే ఉంటుంది. రక్తంలో కావలసినంత కనిపిస్తుంది. అయినా ఆ కోతికి ఎయిడ్స్ రాదు. పిల్లల్ని కంటుంది, ముసలిదై చస్తుంది. ఆఫ్రికాలో 40కి పైగా కోతి జాతుల్లో ఇలాంటి ఎస్ఐవిలు, ఒక్కో జాతికి ఒక్కో రకం, ఉన్నాయి. సూటీ మాంగబే వైరస్‌ను ఆసియాకు చెందిన రీసస్ కోతికి ఎక్కిస్తే మాత్రం దానికి ఎయిడ్స్ లాంటి జబ్బు వచ్చి చస్తుంది. పాత కాపురానికీ కొత్త పరిచయానికీ తేడా ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ లేదు.

చింపాంజీ కథ ఇంకాస్త లోతైనది. దానిలోని ఎస్ఐవి జన్యువులను విప్పి చూస్తే, అది రెండు వేర్వేరు కోతి జాతుల వైరస్‌లు కలిసి పుట్టిందని తేలింది. చింపాంజీలు చిన్న కోతులను వేటాడి తింటాయి. అలా వేటలోనే వాటికి ఆ రెండూ అంటి, ఏదో ఒక చింపాంజీ ఒంట్లో కలిసి కొత్తది తయారైంది. సూటీ మాంగబేకు ఉన్నంత పాత అనుబంధం దీనికి లేదు. టాంజానియాలోని గోంబేలో ఏళ్లపాటు గమనించిన చింపాంజీల్లో, వైరస్ ఉన్నవి లేనివాటికంటే 10 నుంచి 16 రెట్లు ఎక్కువగా చనిపోతున్నాయని 2009లో వెల్లడైంది. పైన చెప్పిన కొలబద్దకు మినహాయింపు ఇదే: చంపుతూనే, ఆ జాతిలో నిలదొక్కుకున్న వైరస్.

ఏ అడవి చింపాంజీ నుంచి హెచ్ఐవి వచ్చిందో కనిపెట్టిన తీరు తెలుసుకోదగ్గది. అడవి చింపాంజీని పట్టి రక్తం తీయడం కుదరదు, తీయకూడదు. కామెరూన్ అడవుల్లో జాడలు పట్టడం తెలిసిన స్థానికులు తెల్లారగానే చింపాంజీలు నిద్రపోయిన చెట్ల కింద వెతికి, అవి వేసిన పెంటను చిన్న గొట్టాల్లో నిలవచేసే మందులో వేసి పంపారు. ఆ పెంటలో ప్రతిరోధకాలూ, వైరస్ జన్యు తునకలూ దొరికాయి. వైరస్‌ల శాస్త్రజ్ఞురాలు బియాట్రిస్ హాన్ బృందం 2006లో ప్రచురించిన ఫలితం ప్రకారం, ప్రపంచమంతటా పాకిన హెచ్ఐవి-1 ఎం వర్గానికి అతి దగ్గరి వైరస్ ఆగ్నేయ కామెరూన్ మూలలోని చింపాంజీల్లో ఉంది. మనిషికి ఎలా చేరిందంటే, అందరికంటే నమ్మదగిన వివరణ వేటగాడి చెయ్యి. వేటాడిన జంతువును అడవిలోనే చీల్చి, మోసి, ఇంటి దగ్గర ముక్కలు కోసేటప్పుడు చేతులకు నెత్తురు పూసుకుంటుంది. ముల్లు గీరిన గీత, కత్తి జారిన గాటు ఆ చేతికి ఎప్పుడూ కొత్త కాదు.

ఇలా ఎన్నిసార్లు జరిగి ఉంటుంది? జన్యు వంశవృక్షాలు చెప్పే లెక్క ప్రకారం కనీసం 13 సార్లు. హెచ్ఐవి-1లోని ఎం, ఎన్, ఓ, పి అనే నాలుగు వర్గాలు నాలుగు వేర్వేరు దూకుళ్లు. మొదటి రెండూ చింపాంజీల నుంచి, తర్వాతి రెండూ గొరిల్లాల నుంచి. హెచ్ఐవి-2లో తొమ్మిది వర్గాలున్నాయి. అన్నీ సూటీ మాంగబే నుంచి వచ్చినవే. అయితే ఈ 13లో చాలావాటిని వేళ్లమీద లెక్కించగలిగినంత మందిలోనే చూశారు. హెచ్ఐవి-2 వర్గాల్లో కొన్ని ఒక్కొక్క మనిషితోనే ఆగిపోయాయి. ప్రపంచాన్ని ముంచింది ఒక్క ఎం వర్గం. ఇప్పటిదాకా 4 కోట్ల మందికి పైగా చనిపోయింది దానివల్లే.

కోతి నుంచి మనిషిలోకి దూకడం ఒక ఎత్తయితే, మనిషి నుంచి మనిషికి పాకడం ఇంకొక ఎత్తు. మన కణాల్లో టెథరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. కణం నుంచి బయటకు వచ్చే కొత్త వైరస్‌లను ఇది గుంజకు పశువును కట్టేసినట్టు కణం పొరకే కట్టేస్తుంది. చింపాంజీలోని ఎస్ఐవి నెఫ్ అనే తన ప్రోటీన్‌తో ఆ కట్టు విప్పుకుంటుంది. మనిషి టెథరిన్‌లో నెఫ్ పట్టుకునే చిన్న ముక్క, అయిదు అమైనో ఆమ్లాలంత, లేనే లేదు. కాబట్టి మనిషిలోకి వచ్చిన వైరస్‌కు పాత తాళంచెవి పనిచేయదు. ఎం వర్గం విపియు అనే ఇంకొక ప్రోటీన్‌ను మార్చుకుని ఆ తాళం తీసింది. పి వర్గానికి అది చేతకాలేదు. ఇద్దరు రోగుల్లో తప్ప దాని జాడ దొరకలేదు.

వైరస్ సిద్ధమైతే చాలదు, మనుషుల ఏర్పాట్లు కూడా దానికి అనుకూలించాలి. ఎం వర్గం వ్యాప్తి సుమారు 1920 ప్రాంతంలో నేటి కిన్షాసాలో మొదలైందని 2014లో జరిగిన జన్యు అధ్యయనం లెక్కగట్టింది. బెల్జియం పాలనలో అది రైళ్ల, పడవల కూడలి. 1940ల చివరికి ఏటా 10 లక్షల మందికి పైగా ఆ ఊరి మీదుగా రైళ్లలో తిరిగేవారు. ఆ ఊళ్లోనే 1959లో తీసిన ఒక రక్త నమూనాలో హెచ్ఐవి దొరికింది. అంతకంటే పాత మనిషి నమూనా ఇప్పటికీ లేదు. వేటగాడు అడవిలో వేల ఏళ్లుగా ఉన్నాడు. రైలూ, గనుల కూలీ శిబిరాలూ, ఒకే సూదితో వందలమందికి ఇంజెక్షన్లూ వచ్చింది ఆ కొద్ది దశాబ్దాల్లోనే. కోతి మాంసం తిన్నవాళ్లని వేలెత్తి చూపేవాళ్లు ఈ రెండో భాగాన్ని ఎందుకో మాట్లాడరు. భారతదేశంలో హెచ్ఐవిని తొలిసారి 1986లో చెన్నైలో గుర్తించారు. మన దేశంలో ఎక్కువగా ఉన్నది ఎం వర్గంలోని సి ఉపరకం. తెలుగు జిల్లాల్లోని ఏఆర్‌టీ కేంద్రంలో నెలనెలా మందులు తీసుకునే మనిషి ఒంట్లోని వైరస్‌కూ, కామెరూన్ అడవిలోని ఒక చింపాంజీకీ మధ్య తెగని నూలుపోగు ఉంది.

జబ్బు చేయని వైరస్‌లు కూడా ఇలాగే దూకుతుంటాయి. వాటి వల్లే దారి ఎంత తెరిచి ఉందో తెలుస్తుంది. కోతుల్లో ఫోమీ వైరస్ అనేది సర్వసాధారణం; లాలాజలం నిండా ఉంటుంది, ఏ జబ్బూ చేయదు. 2004లో ప్రచురించిన అధ్యయనంలో, కామెరూన్ అడవి పల్లెల్లో 1,099 మంది రక్తం పరీక్షిస్తే 10 మందిలో ఈ వైరస్‌కు ప్రతిరోధకాలు కనిపించాయి. ఇండోనేషియాలోని బాలిలో కోతులు తిరిగే గుడికి వెళ్తుండే ఒకరిలో కూడా ఈ వైరస్ దొరికింది. అంటే వేట ఉంటేనే దూకుతుందని ఏమీ లేదు. చేతిలోంచి అరటిపండు లాక్కునే కోతి పంటిగాటు కూడా చాలు.

ప్రయోగశాలల దారి వేరే. 1950ల్లో పోలియో టీకా వైరస్‌ను కోతి మూత్రపిండాల కణాల్లో పెంచేవాళ్లు. అందుకోసం ఉత్తర భారతం నుంచి అడవి రీసస్ కోతులను పట్టి విదేశాలకు పంపేవారు. ఆ మూత్రపిండాల్లో ఒక వైరస్ చడీచప్పుడు లేకుండా ఉంది. రీసస్ కణాల్లో దాని జాడే కనిపించదు. 1960లో ఆ ద్రవాన్ని ఆఫ్రికా ఆకుపచ్చ కోతి కణాల మీద వేస్తే ఆ కణాల్లో బుడగలు బుడగలుగా ఖాళీలు ఏర్పడ్డాయి. అప్పుడు తెలిసింది. దానికి ఎస్‌వి-40 అని పేరు పెట్టారు. అప్పటికే ఆ టీకాతో కోట్లమంది ఒంట్లోకి అది వెళ్లి ఉండొచ్చు. ఆ తర్వాత దశాబ్దాలపాటు గమనించిన పెద్ద అధ్యయనాల్లో దానివల్ల క్యాన్సర్లు పెరిగిన దాఖలా కనిపించకపోవడం మానవజాతి అదృష్టం. సొంత జాతిలో మౌనం, పక్క జాతిలో విధ్వంసం అన్న సంగతి ఒక గాజు పళ్లెంలో అంత తేటగా కనబడిన సందర్భం మరొకటి లేదు. రీసస్ కోతుల ఎగుమతిని భారత ప్రభుత్వం 1978లో నిషేధించింది, ఇతర కారణాలతో.

మన ఇళ్ల మీద తిరిగే కోతులకూ ఇలాంటి మౌన వైరస్ ఒకటుంది: హెర్పిస్ బి. ఉత్తరాది రీసస్‌లోనూ, తల మీద టోపీ పెట్టినట్టు వెంట్రుకలుండే మన దక్షిణాది కోతిలోనూ ఉంటుంది. మనకు జ్వరం వచ్చినప్పుడు పెదవి మీద లేచే పొక్కు లాంటిది వాటికి లేస్తుంది, పోతుంది. మనిషికి సోకితే మాత్రం వెన్నుపాము మీదుగా మెదడుకు పాకుతుంది. మందు అందకపోతే పదిమందిలో ఏడుగురు చనిపోతారు. 1932లో అమెరికాలో పోలియో పరిశోధనలో ఉన్న ఒక యువ వైద్యుణ్ణి, చూడటానికి ఆరోగ్యంగా ఉన్న కోతి కరిచింది. ఆయన మరణంతో ఈ వైరస్ బయటపడింది. అప్పటి నుంచి ప్రపంచం మొత్తమ్మీద నమోదైనవి 50 పైచిలుకు కేసులే, అవీ ఎక్కువగా ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్లవి. 2024లో హాంకాంగ్‌లో అడవి కోతుల వల్ల గాయపడిన 37 ఏళ్ల వ్యక్తికి సోకింది. కాబట్టి ఊళ్లో కోతిని చూసి ఈ వైరస్ గురించి వణికిపోనక్కర్లేదు. కోతి కరిచినా, గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలపాటు కడగాలి. ఆస్పత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి. పసుపూ కాఫీపొడీ అద్ది ఊరుకోవడం ప్రమాదం.

దారి రెండువైపులా ఉందన్నది జనం ఎక్కువగా మరిచిపోయే సంగతి. ఐవరీ కోస్ట్‌లోని తాయ్ అడవిలో పరిశోధకులకు అలవాటుపడిన చింపాంజీలు 1999, 2004, 2006 సంవత్సరాల్లో దగ్గులతో, ఊపిరాడక చనిపోయాయి. వాటి కణజాలంలో దొరికినవి మన పిల్లలకు జలుబు తెచ్చే శ్వాసకోశ వైరస్‌లు. ఉగాండాలోని కిబాలే అడవిలో 2013లో మనుషుల జలుబు వైరస్ ఒకటి 56 చింపాంజీలున్న గుంపులో ఐదింటిని చంపింది. అందుకే ఇప్పుడు వాటిని చూడటానికి వెళ్లేవాళ్లు మాస్కు పెట్టుకోవాలి, కొన్ని మీటర్ల దూరంలోనే ఆగిపోవాలి. మనకు ముక్కు చీదితే పోయే జలుబు, వాటికి కొత్త పరిచయం.

మళ్లీ క్యాసనూరుకు వస్తే, ఆ జ్వరం శివమొగ్గలోనే ఆగలేదు. 1982-83లో దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి దగ్గర జీడిమామిడి తోటల కోసం అడవి నరికిన వెనకాలే చెలరేగి, వెయ్యి మందికి పైగా జబ్బుపడ్డారు, వందకు పైగా చనిపోయారు. 2012 తర్వాత నీలగిరులు, వయనాడ్, గోవా, మహారాష్ట్రలోని సింధుదుర్గ్‌లలో కూడా కనబడింది. పశ్చిమ కనుమల వెంట అడవి ముక్కలు ముక్కలవుతున్నకొద్దీ అడవికీ ఊరికీ మధ్య అంచు పెరుగుతుంది. పిడుదుకు కావలసింది ఆ అంచే. పాత టీకా రెండు మోతాదులు వేయించుకున్నవాళ్లలో సుమారు 62 శాతం మేరకే కాపాడిందని, బూస్టర్లు కలిపితే 83 శాతానికి చేరిందని కర్ణాటకలో 2005-10 మధ్య సమాచారంతో తేల్చారు. ఏళ్లు గడిచేకొద్దీ దాని పస తగ్గి, 2022లో ఆపేశారు.

తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో కోతుల బెడద తెలియనివాళ్లు లేరు. పంటలు పీకుతాయి, పెంకులు లేపుతాయి, వాటిని తరమడానికి కొండముచ్చులను తెచ్చి కట్టేసుకుంటారు. నిర్మల్ జిల్లా చించోలి దగ్గర 2020 నుంచి కోతులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే కేంద్రం నడుస్తోంది. అవే పల్లెల్లో కోతి కరెంటు తీగ తగిలి చచ్చిపోతే ఆంజనేయస్వామి రూపమని పసుపు కుంకుమలు పెట్టి, పూలదండ వేసి, డప్పులతో ఊరేగించి పూడ్చిపెడతారు. కొన్నిచోట్ల దినం చేసి, చిన్న గుడి కూడా కడతారు. ఈ భక్తిని తక్కువచేసి మాట్లాడాల్సిన పని లేదు. చచ్చిన కోతిని గౌరవించే ఊరు, దాని చావును లెక్కలోకి తీసుకునే ఊరు కూడా కాగలదు. తీగ తగలకుండా, దెబ్బ కనిపించకుండా రెండు మూడు కోతులు వరసగా చచ్చిపడితే ఉత్త చేతులతో ముట్టకుండా ముందు పశువైద్యుడికి కబురు చేయాలి. ఆయన నమూనాలు తీసుకున్నాక దండ వేయొచ్చు.

మలెనాడులో ఈ పద్ధతి వాడుకలోకి వచ్చింది. కోతి చచ్చిన కబురు ఆరోగ్య కేంద్రానికి చేరితే నమూనా పరీక్షకు పోతుంది, ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అడవికి పోయేముందు కాళ్లకూ చేతులకూ పూసుకోవడానికి, పిడుదులను దగ్గరికి రానివ్వని డీపా నూనె సీసాలు పంచుతారు. కొత్త టీకా కోసం భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థతో కలిసి పనిచేస్తోంది. అది చేతికందేదాకా, డిసెంబరులో తట్ట పట్టుకుని ఆకుకు వెళ్లే మనిషికి ఉన్న రక్షణ ఆ నూనె సీసా, ఇంటికి రాగానే వేడినీళ్ల స్నానం, ఎక్కడో చెట్టు కింద పడి ఉన్న కోతిని చూసి ఎవరో చెప్పే కబురు.